తెల్లటి ప్రయాణికులు

...లేకపోతే మూడో సొరంగం ముందు ఆపి, వేడి పాలు తాగించి, ఆమె కళ్ళు బరువెక్కాక లోపలికి పోనివ్వచ్చు. అప్పుడు ఏమీ చూడదు. చూడకపోతే అడగదు. అటువైపు వెలుతురులోకి వచ్చి కళ్ళు తెరిచేసరికి ఫుయెన్సాంతా కారు ఎదురుగా ఉంటుంది, అంతే. కానీ సొరంగంలో చలి. చలికి నిద్ర చెదురుతుంది. దుప్పటి పెట్టుకోవాలి. దుప్పటి పెడితే అనుమానం వస్తుందేమో, వెళ్ళి వచ్చే షికారుకు దుప్పటి ఎందుకని.

ఎలాదియో గొలుసు కణుపుల మీద నూనె చుక్కలు వేస్తూ వెనక చక్రాన్ని వేలితో తిప్పుతున్నాడు. మూడు చక్రాల సైకిలు అది. ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చునే వెడల్పాటి సీటు, నడుముకు బెల్టు. వెనక తొక్కేవాడి జీను. నడవలేని తల్లిదండ్రుల్ని కొండల్లో తిప్పుదామని వచ్చేవాళ్ళు అద్దెకు తీసుకుంటారు. ఈ వారం దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. బ్రేకు రబ్బర్లు మార్చాడు, టైర్లలో గాలి నొక్కి చూశాడు, బ్యాటరీ చార్జింగుకి పెట్టాడు. శనివారం వరకు అది మూల గదిలోనే ఉంటుంది.

నవాల్పార్దా స్టేషన్లో సామాన్ల గదిగా కట్టిన గది అతని సైకిళ్ళ కొట్టు. టికెట్ల కోసం కట్టినదాంట్లో సిప్రియానో కాఫీ, సారా అమ్ముతాడు. ప్లాట్‌ఫాం మీద గడియారానికి గుండ్రటి చట్రం ఉంది, గడియారం లేదు, ఎప్పుడూ లేదు. కొండలు తొలిచి, వంతెనలు కట్టి, స్టేషన్లు లేపి, పట్టాలు వేయకుండానే వదిలేసిన దారి ఇది. ఇప్పుడు దాని మీద సైకిళ్ళు తిరుగుతాయి.

బయట పొడుగాటి దంపతులు హెల్మెట్లు సరిచేసుకుంటున్నారు. ఆవిడ అడిగింది, ఇక్కడ రైళ్ళు ఎప్పుడు ఆగిపోయాయని.

"ఆగడమా? మొదలైతే కదమ్మా! ఈ దారిన మేకలు పోయాయి, దొంగసరుకు గాడిదలు పోయాయి, ఇప్పుడు మీరు పోతున్నారు. పోనిది ఒక్క రైలే."

వాళ్ళు నవ్వారు. అందరూ ఇక్కడే నవ్వుతారు. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో, నోరు దాని పని అది చేసుకుపోతుంటే మనసు ఇంకెక్కడో ఉంటుంది. ఇప్పుడు దుప్పటి దగ్గర ఉంది.

"ఒరే ఎలాదియో, ఈ గొడుగు పట్టుకో," అని సిప్రియానో కేకేశాడు. ప్లాట్‌ఫాం మీది ఎండ గొడుగులకు అడుగున ఇనపచక్రాలు ఉంటాయి. చిన్నవి, బరువైనవి, ఒకవైపు అంచు లేచినవి. కొండ కింద రాళ్ళకుప్పల్లో దొరికితే సిప్రియానో తండ్రి తెచ్చుకున్నాడు. వాటి బొక్కలో గొడుగు కర్ర సరిగ్గా ఇముడుతుంది. రోజూ పొద్దున ఇద్దరూ కలిసి వాటిని ఎండ పోయిన దిక్కుకల్లా దొర్లిస్తారు.

"మీ మేనత్తని ఊరేగిస్తున్నావటగా శనివారం. రా, టికెట్టు కొట్టిస్తా. ఇది టికెట్ల గదే మరి."

"ఊరుకో."

"ఊరుకోక ఏం చేస్తాంలే. ఆవిడ టికెట్టు లేకుండానే ఎక్కింది ఎప్పుడో," అని చక్రాన్ని కాలితో తోసి, నవ్వుతూ లోపలికి పోయాడు.

మధ్యాహ్నం ఫుయెన్సాంతా ఫోన్ చేసింది. పెదనాన్న కూతురు, అతనికంటే పెద్దది, కొండకు అటువైపు ఫుయెంతెబెర్దేలో ఉంటుంది. అత్తను చేర్చబోయే వృద్ధాశ్రమం కూడా అక్కడే.

"రేపు అత్త పూజకి చర్చికి పోయినప్పుడు నేనొచ్చి బట్టలు సర్దుకుపోతాను. నువ్వు ఇంట్లో లేకపోయినా ఫర్వాలేదు, తాళం ఎక్కడుంటుందో నాకు తెలుసు. శనివారం నువ్వు సొరంగం దాటించి తీసుకొచ్చెయ్. కారెక్కమంటే మొండికేస్తుంది గానీ నీ బండైతే తనే ఎక్కుతుంది."

"అబద్ధం చెప్పి తీసుకురావడం ఏదోలా ఉందక్కా."

"మరి నిజం చెప్పి తీసుకురా. నీ వల్ల అవుతుందా? డాక్టరు ముందు ఏమందో నువ్వూ విన్నావుగా."

విన్నాడు. అమ్మా, నువ్వు ఈ ఊరికి ఎలా వచ్చావు అని డాక్టరు అడిగాడు. రైల్లో అంది అత్త. రైల్లో ఇంకెవరున్నారు? మా నాన్న, ఇంకా కొంతమంది, అందరూ తెల్లగా ఉన్నారు, జుట్టూ కనురెప్పలూ అన్నీ, ఎవరూ మాట్లాడలేదు. డాక్టరు కలం పక్కన పెట్టి అత్త తల మీదుగా ఫుయెన్సాంతా వైపు చూశాడు. ఆ తర్వాత ఏది అడిగినా ఫుయెన్సాంతానే అడిగాడు. అత్త చేతిసంచి ఒళ్ళో పట్టుకుని, మాట ఎటు వినిపిస్తే అటు తల తిప్పుతూ కూర్చుంది. ఆ తల తిప్పడం ఎలాదియోకి అప్పటినుంచీ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"తాతయ్య పెళ్ళాం పిల్లల్ని వదిలేసి ఫ్రాన్సుకి పోయాడని ఊరందరికీ తెలుసు," అంటోంది ఫుయెన్సాంతా. "మా నాన్న ఆయన్ని తిట్టుకుంటూనే పోయాడు. ఈవిడకేమో రైలు, రైల్లో నాన్న. పోనీ ఇంట్లో కూర్చుని అనుకుంటే ఎవరు కాదంటారు? రెండుసార్లు సొరంగం దగ్గర దొరికిందిరా, మంచులో, చేతిలో తడిగుడ్డ పట్టుకుని. మూడోసారి పీనుగై దొరికితే నువ్వు మోస్తావా ఆ పాపం?"

మోయలేడు. అందుకే సరేనన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మేనత్త లిబ్రాదా వంటింటి బల్ల ముందు బీన్సు ఒలుస్తోంది. అరిగి సగమైన చిన్న కత్తి. కాయ కొనను తుంచి, నారను ఒక్క లాగుడుకు తీసి, గింజల్ని గిన్నెలోకి తోస్తుంది. చూపు కత్తి మీద ఉండదు. అతని తల్లి పోయాక ఆ చేతులే అతన్ని పెంచాయి.

"అత్తా, శనివారం షికారు పోదామా? బండి మీద. కొండల్లోకి."

"ఎందాకా?"

"రాబందుల కొండ అవతలిదాకా."

"సొరంగాలు దాటేనా?"

"మూడు దాటాలి."

కత్తి ఆగింది. "మూడోదాంట్లో ఆపుతావా?"

"అక్కడేముంది ఆపడానికి?"

"ఉందో లేదో నేను చూసుకుంటా. ఆపుతావా, ఆపవా? తొక్కేది నువ్వేగా."

"ఆపుతాలే."

ఆ మాట అన్నాక అతనికి కాస్త తేలికగా అనిపించింది. ఆపితేనే మంచిదేమో. దీపం వేసి చూపిస్తే, పట్టాల్లేవు, రైలు లేదు, ఖాళీ రాతిగొట్టం అని ఆమె కళ్ళతో ఆమే చూస్తుంది. చూశాక శాంతిస్తుంది. శాంతించిన మనిషిని అటువైపు దించడం మోసం కాదు. ఇలా ఒక్కో మాటనూ పక్కమాటకు తగిలించుకుంటూ రొట్టె తిన్నాడు. మాటల గొలుసు బాగానే కుదిరింది గానీ ఎక్కడో ఒక కణుపు బిగుసుకుపోయి, తిప్పినప్పుడల్లా టక్కుమంటోంది.

శుక్రవారం కొట్టు మూసి ఒక్కడే దారి చూసుకోవడానికి బయలుదేరాడు. బరువుతో ఎక్కడ తొక్కడం కష్టమవుతుందో, నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో, ఏ వంతెన మీద గాలి ఎక్కువో అన్నీ తెలిసినవే, అయినా ముందు సీటులో ఇసక బస్తా వేసుకుని మరీ చూశాడు. మొదటి సొరంగం చిన్నది, రెండోది ఇంకా చిన్నది. రెండో దాని తర్వాత గన్నేరు పొదలు, లోయ, లోయ మీద వంతెన. కొండ కొమ్ము మీద రాబందులు రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. వంతెన దాటగానే మూడో సొరంగం.

పొద్దున పూట అది గాలి లోపలికి పీలుస్తుంది. మెడ వెనక జుట్టు ముందుకు వంగుతుంది. సాయంత్రమైతే వదులుతుంది. కొండకు ఇటూ అటూ ఉండే వేడి తేడా వల్ల అలా అవుతుందని కొట్టుకు వచ్చిన వాళ్ళకు తనే చెబుతుంటాడు.

లోపల దీపాలు మనిషి కదలికకు వెలుగుతాయి. కొంతదూరం మేర వెలిగి, అది దాటగానే ముందువి వెలిగి, వెనకవి ఆరిపోతాయి. కాబట్టి లోపల ఎవరు ఎక్కడున్నారో వెలుగును బట్టి తెలుస్తుంది. సగం దాకా వచ్చేసరికి ఎదురుగా, దూరంగా వంపు దగ్గర దీపాలు వెలిగాయి. ఎవరో వస్తున్నారు. అతను గంట కొట్టి, కుడిపక్కకు జరిగి తొక్కాడు. ఆ వెలుగు ఆరింది, ఇవతలిది వెలిగింది. సైకిలు కనపడలేదు. నడిచే మనిషీ కనపడలేదు. మళ్ళీ ఇవతలిది. వచ్చేది ఏదైనా తీరుబడిగా వస్తోంది, బరువు మోసుకొస్తున్నట్టు.

ఎందుకో దిగి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. అలా నిలబడాలని అతనికి ఎవరూ నేర్పలేదు. ఎదురుగా ఉన్న దీపాలు వెలిగాయి. ఖాళీ దారి. మొహానికి చల్లటి గాలి తగిలింది, గాలి పీల్చుకునే వేళలో ఎదురు గాలి. దాంట్లో పగలగొట్టిన రాయి వాసన. తర్వాత అతని వెనక దీపాలు వెలిగాయి, తర్వాత ఇంకా వెనకవి, నవాల్పార్దా వైపు ఒక్కొక్కటే వెలిగి ఆరుతూ పోయాయి.

దీపాల యంత్రం చెడింది, కరెంటు మనిషికి చెప్పాలి అనుకున్నాడు. కింద ఊరికొచ్చాక చెప్పలేదు. చెబితే అతను వచ్చి చూస్తాడు. అప్పుడు, చెడలేదని అతను అంటే?

ఇంటికొస్తే అత్త గుమ్మంలోనే ఉంది. అతని బూట్ల వైపు చూసి, "దుమ్ము పట్టించుకున్నావే," అంది. "ఎదురుపడ్డారా?"

"ఎవరు?"

ఆమె లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చేసిన చేతిగుడ్డ ఒకటి తీసి, కుళాయి కింద తడిపి, పిండి, తడి ఎంతసేపు నిలుస్తుందో చూస్తున్నట్టు కిటికీ దగ్గర పెట్టింది. ఆ రాత్రి రెండుమూడుసార్లు అలమర తలుపు చప్పుడు వినిపించింది అతనికి. ఏం వెతుకుతున్నావని అడగలేదు. ఏం లేవో అతనికి తెలుసు.

శనివారం ఎండ బాగా కాసింది. లిబ్రాదా నల్లగౌను వేసుకుని, జుట్టు దువ్వి ముడి వేసుకుని, చేతిసంచితో ముందు సీటులో కూర్చుంది. బెల్టు తనే పెట్టుకుంది. సిప్రియానో టోపీ తీసి, ఈల వేసి, చెయ్యి పైకెత్తి రైలు పంపించాడు. కాఫీ తాగేవాళ్ళు నవ్వారు. అత్త కూడా నవ్వింది. "వీడి తాత కూడా ఇంతే, వాగుడుకాయ," అంది.

దారిలో వెనకనుంచి అతనికి ఆమె ముడి, చెవులు, భుజాల మీది శాలువా మాత్రమే కనిపిస్తున్నాయి. రెండుసార్లు సంచి తెరిచి లోపల వేలు పెట్టి చూసుకుని మూసింది.

"రాబందులత్తా, అదుగో పైన."

"చూశాలే. ఎప్పుడూ అక్కడే కూర్చుంటాయి."

"పాలు తాగుతావా? లోపల చల్లగా ఉంటుంది."

"వద్దు. పోనీ."

సొరంగం మెడ వెనక గాలిని లాక్కుంది. వెలుతురు వెనక్కి వెళ్ళి చిన్నదైంది. దీపాలు వెలగలేదు. అతను చెయ్యి ఎత్తి ఊపాడు. కేకేశాడు. వెలగలేదు. బండి ముందు దీపం గోడ మీద సున్నపు చారల్ని చూపిస్తూ కదులుతోంది, నీటి ఊటతో పేరుకున్న తెల్లటి పొరలు, మూసిన కళ్ళలా అక్కడక్కడా ఉబ్బెత్తుగా.

"తల వంచు," అంది లిబ్రాదా.

"ఎందుకు?"

అతని మెడ మీద చుక్క పడింది. చల్లటి, బరువైన చుక్క. అతను రోజూ తిరిగే సొరంగం. ఇక్కడ చుక్క పడుతుందని అతనికి తెలియదు.

"ఎడమకి రా. గోడలో గూడు వస్తుంది, మనుషులు నిలబడేది."

గూళ్ళు ఉన్నాయని అతనికి తెలుసు. గూడు వచ్చింది.

"ఆపు. లోపల కిందకి చెయ్యి పెట్టు, ఎడమవైపు. ఇంకో చిన్న గూడు ఉంటుంది. మా నాన్న దీపం పెట్టేవాడు."

దిగి తడిమాడు. గోడ నున్నగా తగిలింది. "ఏం లేదత్తా," అన్నాడు. అంటుండగానే సున్నం పెళుసుగా విరిగి వేళ్ళు లోపలికి పోయాయి. పిడికిలి పట్టేంత బొక్క. చెయ్యి తీసి దీపం ముందు పెట్టి చూసుకున్నాడు. వేళ్ళకు మసి.

లిబ్రాదా బెల్టు విప్పుకుని దిగింది. అతని భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. సంచిలోంచి తడిగుడ్డ తీసింది.

"అమ్మ నాకిచ్చి పంపేది నాన్న సద్ది. శనగలు, రొట్టె, గుడ్డలో కట్టి. ఆ రోజు నేను బయటే ఉన్నా. ముందు గాలొచ్చింది లోపల్నుంచి. తర్వాత చప్పుడు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. కొందరు నడిచొచ్చారు, కొందరు రైల్లో వచ్చారు."

"ఏ రైలత్తా..."

"రాళ్ళు మోసేదిరా. తవ్వేటప్పుడు వేసిన సన్న పట్టాల మీద గాడిద లాగేది. పైన డబ్బా, కింద ఇంతింత చక్రాలు," అని గుడ్డ పట్టుకున్న చేతుల్ని దగ్గరికి తెచ్చి చూపించింది. అంచు ఒకవైపు లేచి ఉండేదని వేలితో గాల్లో గీసింది.

ఎలాదియో అరచేతుల్లో ఆ ఇనుము బరువు తెలిసింది. నిన్న పొద్దున కూడా దొర్లించాడు, నీడ జరిగిందని.

"నేను ఏడుస్తుంటే మేస్త్రీ నన్నెత్తి నాన్న పక్కన కూర్చోబెట్టాడు. మీ నాన్న అలిసిపోయాడు, లేపకు అన్నాడు. నేను లేపలేదు. అందరూ తెల్లగా, పిండిమరలోంచి వచ్చినట్టు. ఊరి దగ్గర నన్ను దించేశారు. వాళ్ళెవరూ దిగలేదు. రైలు పోయింది. నాన్న మొహం తుడుద్దామనుకున్నా. సద్ది కట్టిన గుడ్డ ఉంది. తడి లేదు."

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి, కూర్చున్న మనిషి మొహం ఉండే ఎత్తులో, సున్నపు పొరను గుడ్డతో తుడవసాగింది. నుదురు తుడిచినట్టు పైనుంచి, తర్వాత కళ్ళ మూలలు తుడిచినట్టు చిన్నగా. అతను బండి దీపం ఊడదీసి, ఆమె చేతికి అడ్డం రాకుండా పట్టుకున్నాడు.

"ఆ రాత్రి పోలీసులొచ్చి అమ్మతో మాట్లాడి వెళ్ళారు. తెల్లారాక అమ్మ అంది, నాన్న ఫ్రాన్సుకి పోయాడు, ఎవరడిగినా అదే చెప్పు అని. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు, నమ్మారు. నేను ఫ్రాన్సని ఎవరితోనూ అనలేదు. రైలనే అన్నా."

గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. చేతులు శాలువాకు తుడుచుకుంది.

"ఇక పద. ఫుయెన్సాంతా ఎండలో నిలబడి ఉంటుంది."

ఎలాదియో దీపాన్ని తిరిగి బండికి బిగించి, ఆమె వైపు తిరిగాడు.

"అలమరలో గౌన్లు లేకపోతే తెలీదంట్రా నాకు? చలికోటు కూడా తీసుకుపోయింది. బీన్సు కత్తి మాత్రం వదిలేసింది. అంటే అక్కడ నాకు పనేం ఉండదన్నమాట."

"తెలిసి మరి ఎందుకొచ్చావు?"

"ఇంకెవరు తెస్తారు నన్ను ఇక్కడికి? రెండుసార్లు నడిచొస్తే సొరంగం గుమ్మంలోనే పట్టుకున్నారు. నువ్వు ఆపుతానన్నావు, ఆపావు. చాలు. ఎక్కించు."

ఆమెను సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. అటు చివర పగటి వెలుగు పెసరగింజంత కనిపిస్తోంది. దాని ముందు, వంపు దగ్గర, దీపాలు వెలిగాయి.

అవి ఆరి, ఇవతలివి వెలిగాయి. అతను గూట్లోకి జరిగి గోడకు వీపు ఆనించాడు. లిబ్రాదా శాలువా సరిచేసుకుని, స్టేషన్లో నిలబడ్డవాళ్ళలా కాస్త ముందుకు వంగింది. మళ్ళీ ఇవతలివి. చల్లటి గాలి, రాయి వాసన. వాళ్ళ తల మీది దీపాలు వెలిగాయి. ఆ వెలుగులో దారి మీద ఎవరూ లేరు. అత్త జుట్టు మీద, కనురెప్పల మీద సున్నపు పొడి తెల్లగా పడి ఉంది. ఆమె పెదవులు కదిలాయి; ఏమందో అతనికి వినపడలేదు. తర్వాత వెలుగు వాళ్ళను దాటి, వాళ్ళు వచ్చిన దారినే, ఊరి వైపు పోయింది. ఒకచోట, వంతెనకు కాస్త ఇవతల, చాలాసేపు వెలిగి ఉండి ఆరింది.

"పోనీ నాయనా," అంది లిబ్రాదా. "అక్క ఎదురుచూస్తుంది."

ఆ బండికి వెనక్కి నడిచే గేరు లేదు. సన్నటి దారిలో దాన్ని తిప్పాలంటే దిగి, జీను కింద చెయ్యి వేసి, వెనక చక్రాన్ని నేల మీంచి లేపాలి. ఎలాదియో అక్కడ చెయ్యి వేశాడు. మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, అత్త బరువుతో సహా వెనక భాగాన్ని గూట్లోకి జరిపాడు. ఒకసారికి రాలేదు. మళ్ళీ లేపాడు. ముందు దీపం అటు చివరి పెసరగింజ మీంచి జారి, గోడ మీద, గోడలో తుడిచిన చోటు మీద పాకి, ఊరి దారికి తిరిగింది.